కూలెంట్ డబ్బా మీద మార్కర్ గీత

మా ఇంట్లో ఆరుగురం: మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్తయ్య, మామయ్య. మా చిన్న కారులో ఐదుగురికే చోటు. హైదరాబాదులో, బోడుప్పల్‌లో ఉంటున్నాం కానీ జనగామ దగ్గర ఉన్న ఊరికి నెలకు ఒకసారైనా వెళ్లక తప్పదు, వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు బస్సులో రావలసి వచ్చేది. మామయ్యకు మోకాళ్ల నొప్పులు మొదలైన తరువాత, తక్కువ ఎత్తున్న ఆ కారులోకి వంగి కూర్చోవడం, దిగేటప్పుడు తలుపు పట్టుకుని లేవడం చూస్తుంటే మనసుకు కష్టంగా ఉండేది. కొత్తగా ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనే స్తోమత మాకు లేదు. అప్పు చేయకుండా 9 లక్షలు పెట్టగలం, మరమ్మతులతో కలిపి అంతకు మించకూడదు అని నేను, మా వారు ముందే అనుకుని సెకండ్ హ్యాండ్ బండ్ల వేట మొదలుపెట్టాం. ఇంట్లో ఎక్కువగా బండి నడిపేది నేనే కాబట్టి, చూసే బాధ్యత కూడా నేనే తీసుకున్నాను.

చివరకు నచ్చిన బండి దగ్గరకు వచ్చే ముందు, వద్దనుకున్న రెండింటి గురించి చెప్పాలి. మొదటిది ఒక ఆటో కన్సల్టెన్సీలో చూసిన ఢిల్లీ బండి. అదే మోడల్, అదే సంవత్సరం ఇక్కడి బండికంటే లక్షన్నర తక్కువ. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది. అందువల్ల ఏడెనిమిదేళ్లు నిండిన డీజిల్ బండ్లు అక్కడ ధర పడిపోయి దక్షిణాదికి వచ్చేవి. ఇందులో మోసమేమీ లేదు. కానీ అక్కడి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచుకుంటే చట్టం ప్రకారం తెలంగాణ నంబరు వేయించాలి. ఈ ఖర్చులన్నీ కాగితం మీద వేసి చూసేసరికి ఆ లక్షన్నరలో చాలా భాగం కరిగిపోయింది, పైగా బండి పుట్టుపూర్వోత్తరాలు విచారించడానికి అక్కడ మాకు తెలిసినవారు ఎవరూ లేరు.

రెండోది ఎల్బీనగర్ వైపు చూసిన బండి. మెరుస్తోంది, లోపల సువాసన చిమ్మే సీసా పెట్టారు. మా మెకానిక్ అన్న అటూ ఇటూ చూడకుండా నేరుగా మధ్య వరుసలో సీటు బెల్టు పట్టుకుని చివరి వరకు బయటకు లాగాడు. రోజువారీ వాడకంలో ఎప్పుడూ బయటకు రాని ఆ చివరి జానెడు పట్టీ మీద ఎండిన బురద చార కనిపించింది. సీటు పట్టాల కింద బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఈ నగరంలో ఎన్ని బండ్లు మునిగాయో, ఎన్ని కొట్టుకుపోయాయో చూసినవాళ్లం. అప్పటి బండో, ఆ తరువాతి వానలదో చెప్పలేను కానీ, నీళ్లలో నిలిచిన బండి అన్న విషయంలో మాత్రం అనుమానం లేదు. "ఎంత తక్కువకిచ్చినా వద్దు మేడం. వైరింగుల తుప్పు ఇయ్యాల కనిపియ్యదు, రెండేండ్లకు కనిపిస్తది" అన్నాడు. ఇంజిన్ చెడితే ఇంజిన్ బాగుచేయవచ్చు, తివాచీ కింద నడిచే వైర్ల కట్టలో ఏ కలయిక దగ్గర పచ్చటి చిలుము పడుతుందో, ఏ రోజు ఎయిర్‌బ్యాగ్ పని చేయకుండా పోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

మూడోది సైనిక్‌పురిలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన దగ్గర దొరికింది. 2018 ఏప్రిల్‌లో రిజిస్టరైన డీజిల్ బండి, టీఎస్-08 నంబరు, ఫస్ట్ ఓనర్, మాన్యువల్ గేరు, 82 వేల కిలోమీటర్లు, అడిగిన ధర 8 లక్షల 90 వేలు. మోడల్ పేరు నేను రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలు వయసు వల్ల, వాడకం వల్ల వచ్చినవే తప్ప ఆ కంపెనీ తయారీకి సంబంధించినవి కావు. అది బీఎస్-4 (పాత కాలుష్య ప్రమాణం) బండి, దానికి డీపీఎఫ్ లేదు. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 డీజిళ్లలో ఉండే ఆ మసి జల్లెడ, ఊళ్లో ట్రాఫిక్‌లో చిన్న చిన్న దూరాలే తిరిగితే నిండిపోయి ఇబ్బంది పెడుతుంది. వారంలో ఐదు రోజులు బోడుప్పల్ నుంచి తార్నాక వరకు మాత్రమే తిరిగే నాలాంటి వారికి అది లేకపోవడం ఒక సౌకర్యమే. ప్రైవేటు బండికి ఆర్‌సీ గడువు పదిహేనేళ్లు కాబట్టి 2033 వరకు ఆ బెంగ కూడా లేదు.

పరీక్షకు మెకానిక్ అన్నను, పెయింటు మందం కొలిచే పరికరమున్న మరొక కుర్రవాడిని తీసుకుని వెళ్లాను. రామంతాపూర్‌లో షెడ్డు నడిపే మా అన్న మా పాత కారును తొమ్మిదేళ్లుగా చూస్తున్నాడు. ఇద్దరికీ కలిపి ఇచ్చిన 3 వేలు ఈ మొత్తం వ్యవహారంలో నేను అత్యంత సంతోషంగా పెట్టిన ఖర్చు.

కంపెనీ వేసిన పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుందట. మొదట పైకప్పు మీద పెట్టి చూశారు: 110. ఎవరూ ముట్టుకోని చోటు అదే కాబట్టి దానిని కొలమానంగా తీసుకోవాలని ఆ కుర్రవాడు చెప్పాడు. కుడివైపు ఫెండరు (ముందు చక్రం మీది రేకు) 115, తలుపులు నాలుగూ దాదాపు అంతే. బానెట్ మీద పెట్టగానే 260, ఎడమ ముందు ఫెండరు మీద 280 వచ్చాయి. పుట్టీ పూసి ఉంటే ఐదొందలు, వెయ్యి దాటేది, కాబట్టి రేకు మార్చి రంగు వేశారు అన్నమాట. బానెట్ బోల్టుల తలల మీద పెయింటు తెగి, స్పానరు పట్టిన గుర్తులు ఉన్నాయి. ఫోనులో నేను "యాక్సిడెంట్ ఏమైనా జరిగిందా సార్?" అని అడిగినప్పుడు ఆయన "లేదమ్మా, చిన్న గీతలే" అన్నారు. ఆ మాట గుర్తొచ్చి నాకు కొంత నిరాశ కలిగింది.

అయితే మా అన్న అక్కడితో ఆగలేదు. బానెట్ ఎత్తి, టార్చి వేసి, రెండు వైపులా అప్రాన్లు (ఫెండర్ల లోపల ఇంజిన్ పక్కన ఉండే రేకు గోడలు), వాటి మీద కంపెనీ స్పాట్ వెల్డింగు చుక్కలు, సీలెంట్ పూత చూశాడు. బండిని ర్యాంపు ఎక్కించి ఛాసిస్ పట్టాలు ముందు నుంచి వెనుక వరకు తడిమాడు. వంకర లేదు, మళ్లీ వెల్డింగు చేసిన జాడ లేదు. "పైన తాకింది మేడం, ఎముకకు తాకలే" అన్నాడు. ఈ తేడా నాకు ఆ రోజే అర్థమైంది. బానెట్, ఫెండరు, బంపరు బోల్టులతో బిగించేవి, మారిస్తే మారిపోతాయి. అప్రాన్, పిల్లర్, ఛాసిస్ బండి శరీరంలో భాగాలు, అవి ఒకసారి వంగితే సరిచేసినా బలం మునుపటిలా రాదు, మళ్లీ దెబ్బ తగిలితే లోపల కూర్చున్నవారిని కాపాడే శక్తి తగ్గిపోతుంది.

పెద్దాయనను కూర్చోబెట్టి మర్యాదగానే అడిగాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చారు. 2021లో శామీర్‌పేట దగ్గర ముందున్న ట్రాలీకి తగిలిందని, బానెట్, ఎడమ ఫెండరు, హెడ్‌లైటు, రేడియేటరు మార్చారని బిల్లులతో సహా చూపించారు. "ముందే చెప్పవలసిందమ్మా. చెబితే చూడడానికి కూడా ఎవరూ రావడం లేదు" అన్నారు. ఆ ఫైలు మాకు మరో విధంగా కూడా ఉపయోగపడింది. బీమా సర్వేయరు రాసిన కాగితంలో అప్పటి మీటరు రీడింగు 39 వేలని ఉంది. దానికి ముందు, వెనుక ఉన్న సర్వీసు బిల్లులన్నీ వరుసగా పెరుగుతూ వచ్చి నేటి 82 వేలకు సరిపోయాయి. మీటరు తిప్పడం ఈ వ్యాపారంలో ఎంత సులువో అందరికీ తెలుసు. అమ్మేవారు కాక మూడో మనిషి రాసిన ఇలాంటి కాగితం మీద ఉన్న అంకె ఎంత విలువైనదో మాత్రం నాకు అప్పుడే తెలిసింది.

మిగిలినవి త్వరగా చెబుతాను. టైర్లు నాలుగూ పుట్టినప్పటివే, పక్కన 0918 అని ఉంది, అంటే 2018లో తొమ్మిదో వారం. గాళ్ల లోతు ఇంకా ఉన్నా, రబ్బరు గట్టిపడి సన్నని పగుళ్లు వచ్చాయి. ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు పోయాయి. బ్రేకు డిస్కుల అంచున గోరుకు తగిలేంత గట్టు ఏర్పడింది. క్లచ్ బాగా పైకి వచ్చాక గాని పట్టడం లేదు. ఆయిల్ మూత తీసి ఇంజిన్ నడిపితే పొగ పెద్దగా తన్నలేదు, మూత అడుగున మజ్జిగ రంగు జిడ్డు లేదు. స్కానరులో లోపాలేవీ చూపలేదు. సీటు బెల్టులు చివరి వరకు లాగి చూస్తే శుభ్రంగా ఉన్నాయి.

టెస్ట్ డ్రైవ్ నేనే చేశాను. ఎలివేటెడ్ కారిడార్ పనుల వల్ల ఏళ్ల తరబడి గుంతలు పడి ఉన్న ఉప్పల్–నారపల్లి దారిని కావాలనే ఎంచుకున్నాను, సస్పెన్షన్ సంగతి తేల్చడానికి మాకు అంతకంటే మంచి చోటు లేదు. ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మన్నది బుష్‌లవల్లే అన్నాడు అన్న. ఆ తరువాత ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి 100 వేగంలో కొంతదూరం పోనిచ్చాను. స్టీరింగు వణకలేదు, చేయి కాస్త వదులు చేసినా బండి పక్కకు లాగలేదు. మా ఇంట్లో అందరూ కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నడిపానని ఒప్పుకోవాలి. బండి నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే ఆ రోజు అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాను.

వచ్చేముందు మా అన్న ఒక చిన్న పని చేశాడు. చల్లారిన ఇంజిన్ దగ్గర కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా మీద, ద్రవం ఎంత మట్టానికి ఉందో అక్కడ, పెద్దాయన అనుమతితోనే, నల్ల మార్కరుతో సన్నని గీత గీశాడు. "మల్లొచ్చినప్పుడు చూద్దాం సార్, దీంట్ల ఏం పొయ్యకుండ్రి" అన్నాడు. నేను దానిని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ వారమంతా రాత్రి భోజనాలయ్యాక నేను, మా వారు నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లం. టైర్లకు 38 వేలు, లోయర్ ఆర్మ్‌లకు 14 వేలు, ముందు డిస్కులు, ప్యాడ్లు 12 వేలు, ఆయిళ్లు, ఫిల్టర్లతో పూర్తి సర్వీసు 11 వేలు. క్లచ్ ఒక్కటే అయితే 20 వేలు, విప్పాక క్లచ్‌ను ఆనుకుని తిరిగే ఫ్లైవీల్ చక్రం కూడా పోయిందని తేలితే 50 వేలు. అంటే తక్కువలో తక్కువ 95 వేలు, ఎక్కువైతే లక్షా 25 వేలు. మా వారికి ఆ మొత్తం చూసి భయం వేసింది. అంత ఖర్చున్న బండి మనకెందుకని ఆయన వాదన. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఏడేళ్లు నడిచిన ఏ బండికైనా టైర్లు, బుష్‌లు, క్లచ్ అరుగుతాయి. అవి అమ్మినవారో కొన్నవారో ఎవరో ఒకరు మార్చవలసినవే. ధర తెలిసిన లోపాన్ని ధరలోనే తగ్గించుకోవచ్చు. నన్ను పట్టి ఉంచింది ఆ ట్రాలీ విషయం దాచిన మాట. ఒకటి దాచినవారు ఇంకొకటి దాచలేదని ఎలా నమ్మడం? కానీ అడిగిన వెంటనే ఫైలంతా తెచ్చి ముందు పెట్టినవారు కూడా ఆయనే. ఈ రెండింటిలో ఏది ఆయన స్వభావమో తేల్చుకోలేక రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. అత్తయ్య మా మాటలు విని, "మనిషిని తూచుడు ఎందుకమ్మా, బండిని ఇంకోపాలి చూసి రండి" అన్నారు. అది సరైన సలహా.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఆరున్నరకు, రాత్రి మాత్రమే ఫోను చేసి, బండి స్టార్ట్ చేయవద్దని కోరి వెళ్లాం. డీజిల్ ఇంజిన్ నిజస్వరూపం చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. బానెట్ మీద చేయి పెడితే చల్లగా ఉంది. తాళం తిప్పగానే ఒక్క ప్రయత్నంలో లేచింది, పొగ లేదు. ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అన్న కూలెంట్ డబ్బా వైపు చూపించాడు. ద్రవం గీతకంటే ఒక వేలు మందం కిందికి దిగి ఉంది. ఈ తొమ్మిది రోజుల్లో బండి తిరిగింది 240 కిలోమీటర్లు.

నా నోటు పుస్తకంలోని లెక్కంతా ఆ ఒక్క వేలు మందం ముందు చెల్లకుండా పోయింది. కూలెంట్ గాలిలోకి మాయం కాదు. పైపు దగ్గర కారితే వందల్లో పోతుంది. వాటర్ పంపు అయితే వేలల్లో తేలుతుంది. ఈజీఆర్ కూలరు (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) లోపల చిట్లితే దానిని మార్చాలి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే పలక) పోతే ఇంజిన్ విప్పాలి. హెడ్ వంగి ఉంటే ఆ ఖర్చు లక్ష దాటవచ్చు, అప్పటివరకు తెలియక నడిపితే ఇంజినే పోవచ్చు. 2021లో రేడియేటరు మార్చారన్న సంగతి ఇప్పుడు మరో అనుమానాన్ని రేపింది: ఆ రోజు దెబ్బ తగిలాక, ఇంజిన్ వేడెక్కుతున్నా ఆపకుండా ఇంటి వరకు నడిపారా? పరీక్షలో అన్నీ బాగున్నాయని తేలిన ఇంజిన్ ఇదే. ఒక గంటలో చేసే ఏ పరీక్షకూ, తొమ్మిది రోజుల్లో జరిగే ఈ నష్టం కనిపించే అవకాశం లేదు.

నేను పెద్దాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "సార్, దీని కారణం తెలియకుండా నేను ఏ ధరకూ కొనలేను. మా అన్న షెడ్డులో రెండు పరీక్షలు చేయిద్దాం, ఖర్చు నాది. హెడ్ గ్యాస్కెట్ అని తేలితే క్షమించండి, నేను తప్పుకుంటాను" అన్నాను. ఆయన ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయాలని ముందే నిశ్చయించుకున్నాను. ఆయన చొక్కా మార్చుకుని వచ్చి బండి తానే నడిపించుకుని మా వెంట రామంతాపూర్ వచ్చారు.

మొదటి పరీక్షలో నీలం రంగు ద్రవమున్న గొట్టాన్ని కూలెంట్ డబ్బా మూతి మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా అక్కడి ఆవిరిని ఆ ద్రవం గుండా పీల్చారు. గ్యాస్కెట్ పోయి మండిన వాయువులు కూలెంట్‌లో కలుస్తుంటే ఆ నీలం రంగు మారిపోతుంది. పది నిమిషాలు ముగ్గురం దాని వైపే చూస్తూ నిలబడ్డాం. నీలంగానే ఉండిపోయింది. రెండో పరీక్షకు ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, చేతి పంపుతో కూలెంట్ వ్యవస్థలోకి ఒత్తిడి ఎక్కించారు. ముల్లు మెల్లగా కిందికి జారింది, అంటే ఎక్కడో కారుతోంది. అన్న అద్దం, టార్చి పట్టుకుని వెతికి, వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర గులాబీ రంగు ఎండిన మరకను, దాని చివర వేలాడుతున్న బొట్టును చూపించాడు. పంపు లోపల సీలు అరిగితే నీరు ఆ రంధ్రంలోంచి బయటకు రావాలనే దానిని అలా తయారు చేస్తారట. వేడి ఇంజిన్ మీద పడిన ఆ కొద్ది నీరు ఆవిరైపోవడం వల్ల నేల మీద మరక పడలేదు, ఇంటివారికి తెలియలేదు.

పెద్దాయన ముఖంలో నాకంటే ఎక్కువ ఊరట కనిపించింది. నిజంగా ఆయనకు తెలియదని ఆ క్షణంలో నమ్మాను. పంపు, కొత్త కూలెంట్ తన ఖర్చుతోనే వేయిస్తానన్నారు. బేరం ఎక్కువసేపు సాగలేదు. నేను నోటు పుస్తకం ఆయనకే చూపించి 7 లక్షల 80 వేలు అన్నాను, ఆయన 8 లక్షల 20 వేలు అన్నారు, 8 లక్షల దగ్గర ఇద్దరం ఆగాం. క్లచ్‌తో పాటు ఫ్లైవీల్ కూడా మార్చవలసి వస్తే 9 లక్షల 25 వేలవుతుంది, అంటే మేము గీసుకున్న హద్దు 25 వేలు దాటుతుంది. టైర్లు, బుష్‌లు, బ్రేకులు ముందు మార్చి, క్లచ్ జారేవరకు ఆగుదామని, అప్పటికి ఆ డబ్బు కూడబెట్టుకుందామని మా వారు ఒప్పుకున్నారు.

కాగితాల దగ్గర ఒక అడ్డంకి వచ్చింది. బండి అప్పు 2022లోనే తీరిపోయింది, కానీ ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు ఇచ్చిన ఎన్‌వోసీ ఆయన బీరువాలోనే ఉండిపోయింది, దాని గడువు కూడా అయిపోయింది. బ్యాంకు నుంచి కొత్త ఎన్‌వోసీ, ఫారం 35 తెచ్చి హైపోథికేషన్ (ఆర్‌సీ మీది ఆ అప్పు నమోదు) తీయించేవరకు 10 వేల అడ్వాన్సుకు మించి ఇవ్వనని చెప్పాను, ఆయన కాదనలేదు. ఈలోగా చలాన్లు చూసి, ఉన్న రెండింటినీ ఆయన చేత కట్టించాను. పది రోజులకు బ్యాంకు పేరు పోయింది. ఆ తరువాత యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, మిగతా డబ్బు బ్యాంకు ద్వారా, బండి చేతికి ఇచ్చిన తేదీ, సమయం రాసిన కాగితం మీద ఇద్దరి సంతకాలు. బీమా కూడా పద్నాలుగు రోజుల్లోపు నా పేరుకు మార్పించాను. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనదే, బండితో పాటు రాదు కాబట్టి ఆ తేడా నేను కట్టాను. చాలామంది ఈ పనిని బద్ధకించి పాత పేరు మీదే వదిలేస్తారు, సొంత బండికి దెబ్బ తగిలిన రోజున ఆ పాలసీ అక్కరకు రాదు.

మూడు నెలలైంది. మామయ్య ముందు సీటులో, చేతి పిడి పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కుతున్నారు. జనగామకు నాలుగుసార్లు వెళ్లి వచ్చాం. క్లచ్ ఇంకా మార్చలేదు. పంపు మార్చిన రోజు అన్న కొత్త కూలెంట్ మట్టం దగ్గర మరో గీత గీశాడు. ప్రతి ఆదివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉండగా బానెట్ ఎత్తి చూస్తున్నాను. మొన్నటి ఆదివారం కూడా ద్రవం ఆ గీత మీదే ఉంది.